ఫోను చార్జ్ అవుతుంది, కంప్యూటర్‌లో కనిపించదు: కేబుల్ మార్చాలా, పోర్టు చూపించాలా, వైరే మానేయాలా?

కేబుల్ పెట్టగానే ఫోనులో మెరుపు గుర్తు వచ్చింది. బ్యాటరీ ఎక్కుతోంది. కంప్యూటర్‌లో మాత్రం ఫోను పేరు లేదు, ఫోటోలు లేవు. ఇక సలహాలు మొదలవుతాయి. ఇంట్లోవారు కేబుల్ పాడైందంటారు. షాపులో పోర్టు పోయిందంటారు. ఇంటర్నెట్‌లో వెతికితే డ్రైవర్, అంటే ఫోనును కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే ప్రోగ్రాం, వేసుకొమ్మంటారు. కాస్త తెలిసిన మిత్రుడు, ఈ రోజుల్లో కేబుల్ ఎందుకు, వైఫైలో పంపేయమంటాడు. నలుగురు చెప్పిందీ ఏదో ఒక ఫోను విషయంలో నిజమే. మన ఫోను విషయంలో ఏది నిజమో తేల్చుకోకుండా డబ్బు ఖర్చుపెట్టడం దగ్గరే చిక్కంతా.

ఈ చిక్కుకు సగం కారణం ఒక నమ్మకం: 'చార్జింగ్ ఎక్కుతోంది కదా, కేబుల్ బాగానే ఉన్నట్టే' అన్నది. అది తప్పు. మామూలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో ప్రధానంగా నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకు, రెండు డేటాకు. కరెంటు తీగలు బాగుండి డేటా తీగల్లో ఒకటి తెగినా ఫోను హాయిగా చార్జ్ అవుతూనే ఉంటుంది. చవక కేబుళ్లలో కొన్నింటిలో డేటా తీగలు అసలు వేయరు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే చార్జింగ్ గుర్తును సాక్ష్యంగా తీసుకోవద్దు. అది చెప్పేది కరెంటు సంగతి మాత్రమే.

## ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు

మొదటిది, ఎంత డేటా తీయాలి? పది ఫోటోలు, రెండు పీడీఎఫ్‌ల కోసమైతే కేబుల్ రోగం కనిపెట్టడానికి గంట వెచ్చించడం దండగ. అరవై గిగాబైట్ల ఫోటోలు, వీడియోలు తీయాలంటే కేబుల్‌కు సాటివచ్చేది తక్కువ.

రెండోది, ఈ పని ఒక్కసారిదా, వారం వారం ఉండేదా? ఒక్కసారి పనికి అరువు కేబుల్ చాలు. రోజూ వీడియోలు దించుకునేవారికి మంచి కేబుల్ కొనడం ఖర్చు కాదు, అవసరం.

మూడోది, ఫోను వారంటీలో ఉందా? ఉంటే బయటి షాపులో విప్పించే ముందు ఆగి ఆలోచించాలి. విప్పిన ఫోనును సర్వీస్ సెంటర్‌ వారు వారంటీ కింద తీసుకోకపోవచ్చు.

నాలుగోది అందరూ మరిచిపోయేది: చేయబోయే పనిని వెనక్కి తీసుకోగలమా? సెట్టింగు మారిస్తే మళ్లీ మార్చుకోవచ్చు. పోర్టులో పిన్నీసు దూర్చి లోపలి నాలుకను విరగ్గొడితే వెనక్కి రాదు. ఫోనును రీసెట్ చేస్తే ఫోటోలు వెనక్కి రావు. కాబట్టి పైసా ఖర్చు లేని పనులు, తిరిగి సరిచేసుకోగల పనులు ముందు. విప్పడాలు, చెరిపేయడాలు చివర.

## లక్షణం చూస్తే సగం తేలిపోతుంది

విండోస్ కంప్యూటర్‌లో స్పీకర్ పెంచి కేబుల్ పెట్టండి. కొత్త పరికరం తగిలినప్పుడు వచ్చే చిన్న శబ్దం వినిపించిందా? వినిపిస్తే డేటా తీగలు ఎంతో కొంత పనిచేస్తున్నట్టే, అనుమానం సెట్టింగు మీదికీ డ్రైవర్ మీదికీ వెళ్లాలి. శబ్దం రాకపోతే, ఫోనులో పైనుంచి కిందికి లాగితే వచ్చే నోటిఫికేషన్లలో 'యూఎస్‌బీ' అన్న మాటే లేకపోతే, ముందు అనుమానించవలసింది కేబుల్‌ను. ఇది చేయడానికి అర నిమిషం చాలు. షాపుకు వెళ్లాలనుకున్నా దీని తర్వాతే వెళ్లండి.

| కనిపిస్తున్న లక్షణం | ముందు అనుమానం | మొదటి ప్రయత్నం |
|---|---|---|
| చార్జింగ్ కూడా ఎక్కదు | తెగిన కేబుల్, పోర్టులో చెత్త | వేరే కేబుల్, వేరే చార్జర్; ఆ తర్వాత శుభ్రం చేయడం |
| చార్జ్ అవుతుంది. శబ్దం, నోటిఫికేషన్ రెండూ లేవు | డేటా తీగలు లేని లేదా తెగిన కేబుల్ | అరువు కేబుల్‌తో చూడటం |
| శబ్దం వస్తుంది, ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది | ఫోను లాక్, యూఎస్‌బీ సెట్టింగు | లాక్ తీసి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోవడం |
| కనిపించి, కదిపితే పోతుంది | వదులైన ప్లగ్గు, పోర్టులో చెత్త, హబ్ (ఒక పోర్టును నాలుగైదుగా చేసే పెట్టె) | హబ్ తీసేసి నేరుగా పెట్టడం, శుభ్రం చేయడం |
| గుర్తించలేని యూఎస్‌బీ పరికరం అన్న హెచ్చరిక | కేబుల్, కంప్యూటర్ పోర్టు, ఆపై డ్రైవర్ | ఇదే వరుసలో మార్చి చూడటం |
| మరో కంప్యూటర్‌లో సరిగానే కనిపిస్తుంది | మీ కంప్యూటర్ | డ్రైవర్, ఆఫీసు నిబంధనలు |

ఒక్క షరతు: ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, పోర్టు, కంప్యూటర్ మూడూ ఒకేసారి మారిస్తే ఫోను కనిపించినా దోషం దేనిదో తెలియదు. వచ్చే నెల మళ్లీ ఇదే గొడవ.

## మొదటి దారి: ఫోను సెట్టింగు

ఖర్చు లేదు, ప్రమాదం లేదు, రెండు నిమిషాల పని. అయినా చాలామంది దీన్ని చివర చూస్తారు.

నేటి ఆండ్రాయిడ్ ఫోన్లు కంప్యూటర్‌కు తగిలించగానే తలుపులు తెరవవు. చార్జింగ్ మాత్రమే తీసుకుంటాయి. మీ ఫోను ఎవరి కంప్యూటర్‌కు తగిలించినా ఫోటోలు బయటపడకుండా పెట్టిన కట్టడి ఇది. కాబట్టి ముందు ఫోను లాక్ తీయాలి. నోటిఫికేషన్లలో 'యూఎస్‌బీ ద్వారా చార్జ్ అవుతోంది' అని ఉన్నచోట నొక్కాలి. వచ్చే జాబితాలో 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోవాలి. కొన్ని ఫోన్లలో దాని పక్కనే 'ఆండ్రాయిడ్ ఆటో' అని కూడా ఉంటుంది, కంగారు పడనక్కర్లేదు. 'పీటీపీ' అన్నది ఎంచుకుంటే ప్రధానంగా కెమెరా ఫోటోలే కనిపిస్తాయి, పాటలూ డాక్యుమెంట్లూ కనిపించవు. ఫోటోలు ఉన్నాయి, మిగతావి మాయమయ్యాయి అనేవారు ఒకసారి ఇది చూసుకోవాలి.

ప్రతిసారీ ఇలా ఎంచుకోవడం విసుగనిపిస్తే, సెట్టింగుల్లో 'బిల్డ్ నంబర్' మీద ఏడుసార్లు నొక్కితే తెరుచుకునే 'డెవలపర్ ఆప్షన్స్'లో యూఎస్‌బీ అలవాటును మార్చుకోవచ్చు. నా అభిప్రాయం అడిగితే వద్దనే అంటాను. నెలకు ఒకసారి పనికి ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు ఎందుకు? అక్కడే ఉండే 'యూఎస్‌బీ డీబగ్గింగ్'ను అసలు ముట్టుకోవద్దు. ఫైళ్లు దించుకోవడానికి దాని అవసరం లేదు. 'అది ఆన్ చేస్తేనే ఫోను కనిపిస్తుంది' అన్న సలహా మాత్రం ఎక్కడ చూసినా తగులుతూనే ఉంటుంది.

వాట్సాప్ ఫోటోలు కనిపించడం లేదనే ఫిర్యాదు వేరు. ఆండ్రాయిడ్ 11 నుంచి అవి పాత 'వాట్సాప్' ఫోల్డర్‌లో కాకుండా 'ఆండ్రాయిడ్' ఫోల్డర్‌లోని 'మీడియా' లోపల చేరాయి. కనెక్షన్ బాగానే ఉంటుంది, చూసే చోటే తప్పు.

ఐఫోనులో 'ఈ కంప్యూటర్‌ను నమ్మాలా' అన్న ప్రశ్నకు 'ట్రస్ట్' నొక్కి పాస్‌కోడ్ ఇవ్వాలి. తొందరలో వద్దని నొక్కేస్తే కంప్యూటర్‌కు ఫోటోలు కనిపించవు. మళ్లీ కేబుల్ తీసి పెడితే ప్రశ్న వస్తుంది.

## రెండో దారి: కేబుల్ మార్చడం

సెట్టింగు కాదని తేలితే ఎక్కువసార్లు దోషి ఇదే. కానీ కొనే ముందు ఒకటి అరువు తెచ్చుకోండి. పక్కింటివారి ఫోను ఆ అరువు కేబుల్‌తో వాళ్ల కంప్యూటర్‌లో కనిపిస్తోందని తెలిస్తే అంతకంటే మంచి పరీక్ష లేదు.

కేబుల్ మీద తప్పు మోపడానికి ఇంకో కారణం ఉంది. పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ, ఇప్పటి ఫోన్ల టైప్-సి రెండింటిలోనూ పట్టుకునే స్ప్రింగులు కేబుల్ ప్లగ్గులోనే ఉంటాయి. అరగవలసింది చవకగా మారేదే కావాలని అలా తయారు చేశారు. అందువల్ల పోర్టు వదులైందని మీరు అనుకుంటున్నది చాలాసార్లు ప్లగ్గు వదులే, కొత్త కేబుల్ పెడితే బిగుస్తుంది. పాత ఐఫోన్లలోని లైట్నింగ్ పోర్టు దీనికి తలకిందులు: దాని స్ప్రింగులు ఫోను లోపల ఉంటాయి. అక్కడ వదులుతనం కనిపిస్తే, చెత్త లేదని తేలాక, ఫోనునే అనుమానించాలి.

టైప్-సి వాడేవారికి ఒక చిన్న పరీక్ష. ప్లగ్గును తిప్పి పెట్టండి. ఒక వైపు పెడితే కనిపించి, తిప్పితే పోతుంటే పోర్టులో ఒక వరుస పిన్నులు అరిగాయో, చెత్త పట్టిందో అయి ఉంటుంది. రెండు వైపులా అంతే అయితే కేబుల్ మీదే అనుమానం మిగులుతుంది.

ఇక కొనడం. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అయినా, మీ ఊరి బస్టాండు పక్క షాపులో అయినా ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది వాట్లు: 33, 65, 100. అది చార్జింగ్ సత్తువ. డేటా గురించి అది ఏమీ చెప్పదు. మీరు వెతకవలసింది '480 ఎంబీపీఎస్' లేదా 'డేటా సింక్' అన్న మాట. అది లేకపోతే అడగండి. ఇంకా మంచిది, ఫోనూ ల్యాప్‌టాపూ ఉంటే పట్టుకెళ్లి అక్కడే పెట్టి చూడండి. ఇరవై రూపాయలు తక్కువని కౌంటర్ మీద కుప్పగా పోసినవాటిలోంచి ఏరుకోవద్దు. మీటరు పొడవు చాలు. మంచం దాకా సాగే మూడు మీటర్ల కేబుల్ చార్జింగ్‌కు సుఖమే, నాసిరకంది అయితే డేటా దగ్గర మొరాయిస్తుంది.

వేగం విషయంలో మోసపోయేవారు ఎక్కువ. యూఎస్‌బీ 2.0 పై పరిమితి సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. చేతికి వచ్చేది ముప్పై, నలభై. యూఎస్‌బీ 3 రకాలు 5 గిగాబిట్ల నుంచి మొదలవుతాయి. కానీ ఖరీదైన వేగపు కేబుల్ కొన్నంత మాత్రాన సరిపోదు, ఫోనూ దాన్ని అందుకోవాలి. మధ్యస్థాయి ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి పోర్టు ఆకారం టైప్-సి, లోపలి వేగం మాత్రం యూఎస్‌బీ 2.0. 2023లో ఐఫోన్ 15తో ఆపిల్ టైప్-సికి మారింది. అప్పుడు కూడా 15, 15 ప్లస్‌లకు 480 మెగాబిట్లే ఇచ్చింది. 15 ప్రో రకాలు 10 గిగాబిట్ల దాకా వెళ్తాయి, కానీ పెట్టెలో ఇచ్చిన కేబుల్‌తో కాదు, వేరేది కొనుక్కోవాలి. కాబట్టి ముందు మీ ఫోను వివరాల్లో యూఎస్‌బీ 2.0 అని ఉందో 3 అని ఉందో చూడండి. 2.0 అయితే చవకైన మంచి డేటా కేబుల్ చాలు, మిగిలిన డబ్బు జేబులో ఉంచుకోండి.

## మూడో దారి: పోర్టు శుభ్రం చేయడం

ప్యాంటు జేబులో తిరిగే ఫోను పోర్టులో నూలు పీచు చేరుతుంది. కేబుల్ పెట్టిన ప్రతిసారీ అది లోపలికి దట్టించుకుంటూ పోతుంది. గుర్తు తేలిక: ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగదు, అంచు కొద్దిగా బయటికి కనిపిస్తుంది, కదిపితే ఊగుతుంది.

ఫోను ఆపేయండి. మంచి వెలుగులో చెక్క టూత్‌పిక్‌తోనో మెత్తని కుంచెతోనో అంచుల వెంట నెమ్మదిగా లాగండి. టైప్-సి పోర్టు మధ్యలో సన్నని నాలుక ఉంటుంది, పిన్నులు దాని మీదే ఉంటాయి. దాన్ని నొక్కకూడదు. పిన్నీసు, సూది, హెయిర్‌పిన్ వద్దే వద్దు. నోటితో ఊదడం అందరూ చేసేదే, దానితో తేమ లోపలికి పోతుంది. ఫోనులో తేమ హెచ్చరిక వస్తుంటే ముందు ఆరనివ్వండి. బియ్యంలో పెట్టవద్దు, దుమ్మూ పిండీ లోపలికి చేరతాయి.

చేయి వణికేవారు, చూపు ఆననివారు ఈ పని షాపుకే వదిలేయడం మంచిది. శుభ్రం చేసినందుకు పెద్దగా తీసుకోరు. అయితే 'శుభ్రం చేసి చూడండి' అని మీరే అడగాలి. అడగకపోతే నేరుగా పోర్టు మార్పు దాకా వెళ్లిపోవచ్చు.

## నాలుగో దారి: కంప్యూటర్ వైపు చూడటం

డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు వదిలేసి వెనకవైపు పోర్టులో పెట్టండి. అవి మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. ముందువాటికి లోపల మరో తీగ ఉంటుంది, అది వదులైతే ఇదే తంతు. హబ్, కీబోర్డు మీది పోర్టు తప్పించండి. ఒకసారి కంప్యూటర్, ఫోను రెండూ ఆపి మళ్లీ వేయండి. ఇదొక పనా అనిపిస్తుంది గానీ చాలామందికి ఇక్కడే పని అయిపోతుంది.

ఆ తర్వాత డ్రైవర్. విండోస్ 'డివైస్ మేనేజర్'లో ఫోను పక్కన పసుపు త్రిభుజం కనిపిస్తే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి కేబుల్ తీసి పెట్టండి, విండోస్ తనే మళ్లీ వేసుకుంటుంది. కుదరకపోతే 'అప్‌డేట్ డ్రైవర్'లో కంప్యూటర్‌లో ఉన్న జాబితా నుంచి 'ఎంటీపీ యూఎస్‌బీ డివైస్' ఎంచుకోవచ్చు. డ్రైవర్ ఇస్తామనే ఊరూపేరూ లేని సైట్ల నుంచి ఏమీ దించుకోవద్దు. ఆండ్రాయిడ్ ఫోనులోని ఫైళ్లు చూడటానికి కావలసింది విండోస్‌లో ఉండనే ఉంటుంది.

యూరప్‌లో ల్యాప్‌టాప్ కొన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ విండోస్‌లో పేరు చివర 'ఎన్' అక్షరం ఉండే రకం ఒకటి ఉంది. అందులో మీడియా భాగాలు ఉండవు, ఫోను కనిపించదు. సెట్టింగుల్లోని ఐచ్ఛిక ఫీచర్ల నుంచి 'మీడియా ఫీచర్ ప్యాక్' వేసుకుంటే సరిపోతుంది. ఈ సంగతి తెలియక కేబుళ్లు మార్చుకుంటూ పోతే లాభం లేదు.

మ్యాక్‌కు ఆండ్రాయిడ్ భాష నేరుగా రాదు. కేబుల్, ఫోను, సెట్టింగు అన్నీ సరిగా ఉన్నా మ్యాక్‌లో ఫైళ్లు చూపే ఫైండర్‌లో ఫోను కనిపించదు, అది దోషమే కాదు. ఓపెన్ఎంటీపీ వంటి ఉచిత ప్రోగ్రాం వేసుకోవాలి. లైనక్స్‌లో సాధారణంగా ఏమీ చేయనక్కర్లేదు.

ఐఫోనును విండోస్‌కు తగిలించేవారు మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి 'ఆపిల్ డివైసెస్' గానీ ఐట్యూన్స్ గానీ వేసుకోవాలి. ఫోటోలు కాపీ అవుతూ మధ్యలో పరికరం పనిచేయడం లేదని ఆగిపోతుంటే ఐఫోను ఫోటోల సెట్టింగులో కింద 'కీప్ ఒరిజినల్స్' ఎంచుకోండి. 'ఆటోమేటిక్'లో ఉంటే ఫోను ఒక్కో ఫోటోను మార్చి పంపే ప్రయత్నంలో తడబడుతుంది. కొన్ని ఫోటోలు అసలు కనిపించకపోతే, 'ఆప్టిమైజ్ స్టోరేజ్' ఆన్‌లో ఉందేమో చూడండి. అప్పుడు అసలు ఫోటోలు ఐక్లౌడ్‌లో ఉంటాయి, ఫోనులో చిన్న నకళ్లే ఉంటాయి. ఎంత మంచి కేబుల్ అయినా లేనిదాన్ని తేలేదు.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ చేయవద్దు. ఐటీ కంపెనీలు చాలావరకు యూఎస్‌బీ నిల్వను కావాలనే మూసి ఉంచుతాయి. దాన్ని దాటే ఉపాయాలు వెతికితే ఫోటోలు దొరకవు సరికదా, సంజాయిషీ రాయవలసి వస్తుంది.

## ఐదో దారి: రిపేరు

పై నాలుగు దారులూ ఫలించలేదని తేలాకే. అంటే, పనిచేస్తుందని రుజువైన కేబుల్‌తో రెండు వేర్వేరు కంప్యూటర్లలో, శుభ్రం చేసిన పోర్టుతో, సరైన సెట్టింగుతో కూడా ఫోను కనిపించకపోతే.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో చార్జింగ్ పోర్టు చిన్న విడి బోర్డు మీద ఉంటుంది, దాన్ని మార్చడం పెద్ద పని కాదు. కొన్నింటిలో ప్రధాన బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది, దానికి చేయి తిరిగినవాడు కావాలి. మీ ఫోను ఏ రకమో ముందే అడగండి. నాసిరకం బోర్డు వేస్తే చార్జింగ్ వస్తుంది, డేటా రాదు, ఒక్కోసారి ఫాస్ట్ చార్జింగ్ కూడా పోతుంది. ఇంటికి వచ్చాక తెలిస్తే వాదన తప్ప మిగిలేది లేదు. డబ్బిచ్చే ముందు షాపులోని కంప్యూటర్‌కు తగిలించి ఒక ఫోటో కాపీ చేసి చూపించమనండి. నీటి రక్షణ ఉన్న ఫోను అయితే, విప్పాక ఆ రక్షణ మునుపటిలా ఉంటుందని అనుకోవద్దు.

వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటరే. కాకపోతే అక్కడ ఫోనును రీసెట్ చేయడానికి ఒప్పుకుంటూ సంతకం అడగడం మామూలే. అందుకని ఫోటోలు ముందుగా వైఫై దారిన బయటికి తీసుకున్నాకే ఫోను అప్పగించాలి.

## ఆరో దారి: కేబుల్‌ను వదిలేయడం

దీన్ని ఓటమి అనుకోనక్కర్లేదు, చాలామందికి ఇదే సరైన జవాబు.

ఒకే వైఫైలో ఉన్న ఫోనుకూ కంప్యూటర్‌కూ మధ్య లోకల్‌సెండ్ అనే యాప్ ఉచితంగా ఫైళ్లు పంపుతుంది. ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మ్యాక్, లైనక్స్ అన్నిటిలో ఉంది. ఆండ్రాయిడ్ నుంచి విండోస్‌కైతే గూగుల్ క్విక్ షేర్ కూడా ఉంది. పాత నియర్‌బై షేర్‌కే 2024లో ఈ పేరు వచ్చింది. ఐఫోన్, మ్యాక్ రెండూ ఉన్నవారికి ఎయిర్‌డ్రాప్ ఉండనే ఉంది.

వేగం వైఫైని బట్టి. 5 గిగాహెర్ట్జ్ రౌటర్ పక్కన కూర్చుంటే యూఎస్‌బీ 2.0 కేబుల్‌కు దగ్గరగా వస్తుంది. పాత 2.4 గిగాహెర్ట్జ్ రౌటర్ అయితే సెకనుకు ఐదు మెగాబైట్లు వచ్చినా సంతోషించాలి. ఆ లెక్కన 64 గిగాబైట్లకు మూడున్నర గంటలు. అదే కేబుల్‌లో సెకనుకు 35 మెగాబైట్లు వస్తే అరగంట.

ఓటీజీ పెన్‌డ్రైవ్ మరో దారి: ఒకవైపు టైప్-సి, మరోవైపు మామూలు యూఎస్‌బీ. ఫోనుకు పెట్టి కాపీ చేసి, కంప్యూటర్‌కు పెట్టి దించుకోవచ్చు. ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 4 గిగాబైట్లకు మించిన వీడియో ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోవాలి. ఫోను పోర్టే పాడైతే మాత్రం ఇదీ పనికిరాదు.

వాట్సాప్‌లో తనకు తానే పంపుకునేవారు కోకొల్లలు. మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది. 'డాక్యుమెంట్' రూపంలో పంపితే 2 గిగాబైట్ల దాకా ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. గూగుల్ డ్రైవ్ ఉచిత చోటు 15 గిగాబైట్లు, అందులో జీమెయిల్, ఫోటోలూ వాటాదారులే.

| దారి | ఖర్చు | పట్టే సమయం | ప్రమాదం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| సెట్టింగు | లేదు | 2 నిమిషాలు | లేదు | అందరికీ, ముందుగా |
| కేబుల్ | అరువైతే లేదు, కొంటే కొన్ని వందలు | 10 నిమిషాలు | లేదు | తరచూ ఫైళ్లు తీసేవారికి |
| పోర్టు శుభ్రం | లేదు | 10 నిమిషాలు | తొందరపడితే ఉంది | ప్లగ్గు పూర్తిగా దిగనివారికి |
| కంప్యూటర్, డ్రైవర్ | లేదు | అరగంట | తెలియని సైట్ల నుంచి దించుకుంటేనే | శబ్దం వచ్చి ఫోను తెరుచుకోనివారికి |
| రిపేరు | ఫోనును బట్టి | గంట నుంచి కొన్ని రోజులు | నాసిరకం భాగం, డేటా పోవడం | అన్నీ చూసినవారికి |
| వైరు లేకుండా | లేదు | ఫైళ్ల పరిమాణాన్ని బట్టి | లేదు | కొద్ది ఫైళ్లు, పాడైన పోర్టు |

## ఎవరు ఎటు వెళ్లాలి

విద్యార్థులు, చిన్న ఆఫీసు పనివారు: నోట్సులు, ఫారాలు, నాలుగు ఫోటోలు. లోకల్‌సెండ్ వేసుకుని కేబుల్ సంగతి మరిచిపోండి. చార్జింగ్ ఎక్కుతున్నంతకాలం పోర్టుకు వైద్యం అక్కర్లేదు.

పెళ్లి వీడియోలు, యూట్యూబ్ చిత్రీకరణ చేసేవారికి కేబులే దారి. ఇక్కడ పొదుపు చేయవద్దు. ఫోను యూఎస్‌బీ 3 అందుకుంటే దానికి తగ్గ పొట్టి కేబుల్ ఒకటి ఫైళ్లకే ప్రత్యేకంగా కెమెరా సంచిలో ఉంచండి, దానితో చార్జింగ్ పెట్టకండి. ఫోను 2.0 రకమైతే వీడియోలకు ఆ వేగంతోనే సర్దుకోవాలి, లేదా తర్వాతి ఫోను కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెళ్లతో పాటు ఈ యూఎస్‌బీ వివరాన్నీ చదవాలి.

అమ్మానాన్నల ఫోనులో ఏళ్ల తరబడి పేరుకుపోయిన ఫోటోలు తీయబోయేవారికి వేరే ఇబ్బంది ఉంది. కెమెరా ఫోల్డర్‌లో వేల ఫోటోలుంటే అది తెరుచుకోవడానికే కంప్యూటర్ నిమిషాల తరబడి తిప్పలు పడుతుంది. అది కనెక్షన్ లోపం కాదు. ఫోనూ కంప్యూటరూ మాట్లాడుకునే ఎంటీపీ పద్ధతి ఒకసారికి ఒకే పని చేస్తుంది. కాపీ నడుస్తుండగా మరో ఫోల్డర్ తెరిస్తే రెండూ ఇరుక్కుంటాయి. కొన్ని వందల చొప్పున విడగొట్టి తీయండి, ఫోను తెర ఆరిపోకుండా చూసుకోండి. 'కట్' చేయవద్దు. 'కాపీ' చేసి, కంప్యూటర్‌లో కొన్ని తెరిచి చూసి, లెక్క సరిపోయాక ఫోనులోంచి తీసేయండి. మధ్యలో కేబుల్ ఊడితే కాపీ అయితే మళ్లీ మొదలుపెట్టవచ్చు. కట్ అయితే ఏ ఫోటో ఎక్కడుందో వెతుక్కోవాలి.

తెర పగిలిన ఫోను విషయంలో మాత్రం వరుస మారుతుంది. లాక్ తీయలేకపోతే కేబుల్ ఎంత మంచిదైనా కంప్యూటర్‌లో ఖాళీ ఫోల్డరే కనిపిస్తుంది. లాక్ తీయకుండా ఫైళ్లు ఇస్తామనే ప్రోగ్రాంలను నమ్మి డబ్బు కట్టవద్దు. బొమ్మ కనిపిస్తూ టచ్ మాత్రం పనిచేయకపోతే, ఫోను పోర్టుకు మామూలు యూఎస్‌బీ పరికరాన్ని కలిపే ఓటీజీ అడాప్టర్‌తో మౌస్ తగిలించి బాణం గుర్తుతో లాక్ తీయవచ్చు, తర్వాత మౌస్ ఉండగానే వైఫై దారిన ఫైళ్లు పంపవచ్చు. ఉన్న ఒక్క పోర్టును మౌస్ ఆక్రమిస్తుంది కాబట్టి కేబుల్ ఆశ వదులుకోవాలి. తెర పూర్తిగా నల్లబడితే షాపులో తాత్కాలికంగా మరో తెర తగిలించి, మీ కళ్లముందు మీరే పాస్‌వర్డ్ కొట్టి, అక్కడే ఫైళ్లు మీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకునేలా మాట్లాడుకోండి. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి ఇచ్చి రావద్దు. ప్రధాన బోర్డు మార్చాలని వారు చెప్తే ముందు ఫైళ్లు తీయించండి. ఫోటోలన్నీ ఉండేది ఆ బోర్డులోనే.